పాత వర్క్‌స్టేషన్‌పై అప్పటికప్పుడు నాదం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇండీ, నెక్స్ట్, స్పార్క్‌స్టేషన్ లాంటి 1980ల చివరి, 1990ల నాటి యంత్రాలను బాగుచేసుకుని, వాటి మీద సంగీత సంశ్లేషణ (లెక్కలతో శబ్దాన్ని పుట్టించే) ప్రోగ్రాములు నడుపుతున్న పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక ప్రశ్న కింద కలిపాం.

ప్రశ్న: నా దగ్గర సిలికాన్ గ్రాఫిక్స్ ఇండీ ఉంది. ఆర్4600 ప్రాసెసర్, 100 మెగాహెర్ట్జ్, 64 మెగాబైట్ల మెమరీ. 60 సెకన్ల సీసౌండ్ (వాయిద్యాలను, స్వరాలను రాతలో వర్ణిస్తే శబ్దం తయారుచేసే ప్రోగ్రాము) రచన ఒకటి ఫైలుగా తయారవడానికి 40 సెకన్లే పడుతోంది. దాన్నే నేరుగా స్పీకర్‌కు పంపితే మాత్రం మధ్యమధ్య పటపటమని శబ్దం తెగుతోంది. యంత్రానికి ఇంకా వేగం మిగిలే ఉంది కదా, ఎందుకిలా?

జవాబు: మిగిలింది సగటు లెక్కలో మాత్రమే. ఫైలుకు రాస్తున్నప్పుడు తేలిక భాగంలో ఆదా అయిన సమయం బరువు భాగానికి కలిసొస్తుంది. నేరుగా వాయించేటప్పుడు ఆ సర్దుబాటు ఉండదు. సెకనుకు 44100 శాంపిళ్ల (శబ్ద తరంగపు విలువల) లెక్కన 1024 శాంపిళ్ల బఫర్ (వాయించే ముందు శాంపిళ్లు నిలిచే చోటు) 23.2 మిల్లీసెకన్లలో ఖాళీ అవుతుంది. తర్వాతి బఫర్ ఆ లోపు సిద్ధం కావాలి. ముందు బఫర్లు ఎంత త్వరగా అయినా, గడువు దాటిన ఆ ఒక్క బఫర్ దగ్గర శబ్దం తెగుతుంది.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. లెక్క బరువు ఎక్కువై తెగుతోందా, లేక లెక్క మధ్యలో ఏదో అడ్డుపడి తెగుతోందా? రచనలో ఎక్కువ స్వరాలు ఒకేసారి మోగే 10 సెకన్లను మాత్రం విడిగా కత్తిరించి, టైమ్ ఆదేశంతో ఫైలుకు రాయించండి. అది చూపే అంకెల్లో 'యూజర్' సమయం చూడండి. 7 సెకన్లు దాటితే బరువే కారణం, వాయిద్యాలను తేలిక చేయాలి (దాని సంగతి తర్వాతి జవాబులో ఉంది). 7 లోపే ఉంటే ఆటంకాలను వెతకాలి. మా అంచనాలో మీ ఇండీలో రెండూ కొంత కొంత ఉంటాయి.

ఆటంకాల్లో తేలిగ్గా పోయేవి తెర మీద రాతలు. సీసౌండ్ ప్రతి స్వరానికీ ఒక వరుస అచ్చు వేస్తుంది, ప్రతి పట్టికకూ (తరంగం విలువలు దాచిన గడుల వరుస) బొమ్మ గీస్తుంది. ఆ పని ఎక్స్ విండో సర్వర్ (తెర మీద కిటికీలు గీసే ప్రోగ్రాము) మీద పడుతుంది, ఉన్న ఒక్క ప్రాసెసర్‌నే అదీ వాడుకుంటుంది. మైనస్ డి పెడితే బొమ్మలు ఆగుతాయి, మైనస్ ఎమ్ 0 పెడితే స్వరాల రాతలు చాలావరకు ఆగుతాయి.

తర్వాతిది చాలామంది గమనించనిది. ఒక వాయిద్యం మొదటిసారి మోగినప్పుడు సీసౌండ్ దానికి మెమరీ కేటాయిస్తుంది. స్వరం ఆగాక ఆ చోటును పారేయకుండా తర్వాతి స్వరానికి వాడుకుంటుంది. అంటే కొత్తగా ఆరో స్వరం ఐదింటితో కలిసిన క్షణంలోనే కేటాయింపు ఖర్చు పడుతుంది. రచన మొదట్లోనే, వినబడని తీవ్రతతో, మీకు కావలసినన్ని స్వరాలను ఒకేసారి మోగించి ఆపేయండి. కేటాయింపులన్నీ అక్కడే అయిపోతాయి. పట్టికలన్నీ కూడా సున్నా సమయంలోనే తయారయ్యేలా రాయండి. మధ్యలో 20వ సెకనులో డిస్కు నుంచి శబ్దపు ఫైలు చదివించే పట్టిక పెడితే, డిస్కు తల కదిలి, చదివి, తెచ్చేవరకు శబ్దం ఆగుతుంది.

డిలే గీత (శబ్దాన్ని కొంతసేపు దాచి ఆలస్యంగా వదిలే మెమరీ) ఉన్న వాయిద్యాలు మరీ ప్రమాదం. 2 సెకన్ల డిలే అంటే 88200 గడులు, గడికి 4 బైట్ల చొప్పున 352800 బైట్లు. స్వరం మొదలైన ప్రతిసారీ ఆ మొత్తాన్ని సున్నాలతో నింపాలి, అదీ ఒకే కంట్రోల్ అడుగులో (సీసౌండ్ ఒక్కసారిగా లెక్కించే శాంపిళ్ల గుంపులో). అందుకే డిలేను, రివర్బ్‌ను (గదిలోలాంటి ప్రతిధ్వనిని) స్వరం మోగించే వాయిద్యంలో పెట్టకండి. మొదటి నుంచి చివరిదాకా నడిచే వేరే వాయిద్యం ఒకటి రాసి, స్వరాలన్నీ గ్లోబల్ (వాయిద్యాలన్నీ పంచుకునే) ఆడియో చలరాశి ద్వారా దానికి అందేలా చేయండి. ఆ చలరాశిని ప్రతి అడుగు చివరా సున్నా చేయడం మరిచిపోతే శబ్దం పేరుకుపోయి పగులుతుంది.

ఇక ఇండీ ఆపరేటింగ్ సిస్టమ్ ఐరిక్స్ సంగతి. మామూలు ప్రాధాన్యంలో నడిచే ప్రోగ్రాము ఎక్కువసేపు ప్రాసెసర్ వాడితే ఆపరేటింగ్ సిస్టమ్ దాని ప్రాధాన్యాన్ని తగ్గిస్తూ పోతుంది. శబ్దం పుట్టించే ప్రోగ్రాముకు అది సరిగ్గా పనికిరాని పద్ధతి. రూట్‌గా లాగిన్ అయి, ఎన్‌ప్రై ఆదేశానికి మైనస్ హెచ్ ఇచ్చి, 30 నుంచి 39 మధ్య ప్రాధాన్యంతో సీసౌండ్‌ను నడపండి. అంకె తగ్గేకొద్దీ ప్రాధాన్యం పెరుగుతుంది. 39తో మొదలుపెడితే చాలు. ఒక హెచ్చరిక: గడువు అందుకుంటున్న ప్రోగ్రాము బఫర్ నిండినప్పుడల్లా ఆగి, ఇతరులకు ప్రాసెసర్ వదులుతుంది. గడువు అందుకోలేని ప్రోగ్రాముకు బఫర్ ఎప్పుడూ నిండదు, కాబట్టి అది ఎప్పుడూ ఆగదు. అప్పుడు మౌస్ కూడా కదలదు. ముందు మామూలు ప్రాధాన్యంలో 7 సెకన్ల పరీక్ష నెగ్గిన రచననే పైకి ఎక్కించండి.

యంత్రం పనిని చూపే జీఆర్_ఓఎస్‌వ్యూ కిటికీ తెరిచి, రచన నడిచేటప్పుడు స్వాప్ (మెమరీ చాలక డిస్కును వాడడం) జరుగుతోందా చూసి, వెంటనే మూసేయండి. ఆ కిటికీ గీతలు కూడా ప్రాసెసర్‌ను తింటాయి. స్వాప్ కనబడితే మిగతా ప్రోగ్రాములు ఆపడమే మార్గం. స్కోరు (స్వరాల జాబితా) ఫైలు, శబ్దాల ఫైళ్లు నెట్‌వర్క్ డిస్కు మీద కాకుండా ఇండీ సొంత డిస్కు మీదే ఉండాలి.

చివరగా బఫర్ అంకెలు. కంట్రోల్ అడుగు 64 పెడదామని అందరికీ అనిపిస్తుంది, కానీ 44100ను 64తో భాగిస్తే 689.0625 వస్తుంది. శాంపిల్ రేటు, కంట్రోల్ రేటు, అడుగు పొడవు ఈ మూడూ సరిగ్గా పొసగకపోతే సీసౌండ్ ఒప్పుకోదు. 63 పెట్టండి, కంట్రోల్ రేటు నిఖార్సుగా 700 అవుతుంది. 48000 రేటుకైతే 64 సరిపోతుంది, 750 వస్తుంది. 44100 దగ్గర మైనస్ చిన్న బికి (సీసౌండ్ సొంత బఫర్) 252 (నాలుగు అడుగులు, 5.7 మిల్లీసెకన్లు), మైనస్ పెద్ద బికి (ధ్వని పరికరం బఫర్) 2016 ఇచ్చి మొదలుపెట్టండి. తెగకుండా నడిస్తే 1008కి దించండి.

ప్రశ్న: బరువు ఎక్కువని తేలితే ఏం తగ్గించాలి? నాణ్యత కోసం సైన్ పట్టికలన్నీ 8192 గడులతో పెట్టాను. ఇంటర్‌పొలేషన్ (రెండు గడుల మధ్య విలువను లెక్కించడం) ఖర్చు ఎందుకని మామూలు ఆసిలేటరే (పట్టికను చదివి తరంగం పుట్టించే భాగం) వాడుతున్నాను. 12 స్వరాలు దాటితే ఆగిపోతోంది.

జవాబు: మీరు ఎంచుకున్న జోడీని తిరగేయండి. పట్టిక చిన్నది చేసి, ఇంటర్‌పొలేషన్ చేసే ఆసిలేటర్ వాడండి. వేగమూ పెరుగుతుంది, శబ్దమూ శుభ్రపడుతుంది.

కారణం ప్రాసెసర్ క్యాష్ (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ). ఆర్4600లో డేటా క్యాష్ 16 కిలోబైట్లు. 8192 గడుల పట్టిక, గడికి 4 బైట్ల చొప్పున, 32 కిలోబైట్లు. ఒక్క పట్టికే క్యాష్‌కు రెట్టింపు. దానికి తోడు, 440 హెర్ట్జ్ స్వరానికి ఒక శాంపిల్ నుంచి మరో శాంపిల్‌కు ఆసిలేటర్ పట్టికలో 81.7 గడులు దూకాలి, అంటే సుమారు 327 బైట్లు. క్యాష్ వరుస పొడవు 32 బైట్లే. కాబట్టి ప్రతి శాంపిల్‌కూ కొత్త వరుస తాకుతుంది. అది క్యాష్‌లో లేకపోతే ప్రధాన మెమరీ దాకా వెళ్లిరావాలి. ఇండీ రకాల్లో ఆర్4600పీసీ ఉన్నవాటికి రెండో అంచె క్యాష్ కూడా ఉండదు, వాటిలో ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. అదే 512 గడుల పట్టిక 2 కిలోబైట్లలో ఇమిడిపోతుంది, దూకుడు 5.1 గడులు, అంటే 20 బైట్లు. పట్టిక మొత్తం క్యాష్‌లోనే కూర్చుంటుంది. ఇంటర్‌పొలేషన్ కోసం చేసే అదనపు గుణకారం మెమరీ కోసం ఎదురుచూసే సమయంతో పోలిస్తే చిన్న ఖర్చు.

నాణ్యత లెక్క కూడా ఇటే మొగ్గుతుంది. పట్టిక పొడవు 2 యొక్క ఎన్నో ఘాతమో ఆ అంకెను కె అనుకుందాం. దగ్గరి గడిని కోసి తీసుకునే ఆసిలేటర్‌లో శబ్దానికీ రొదకూ మధ్య దూరం సుమారు 6కె − 11 డెసిబెళ్లు. ఇంటర్‌పొలేషన్ ఉంటే సుమారు 12 × (కె − 1). మీ 8192 పట్టికకు కె 13, కోత పద్ధతిలో 67 డెసిబెళ్లు వస్తాయి. 512 పట్టికకు కె 9, ఇంటర్‌పొలేషన్‌తో 96 డెసిబెళ్లు. 16 బిట్ల ధ్వనికి అంతకంటే అక్కరలేదు. సైన్ కాకుండా పది పదిహేను హార్మోనిక్స్ ఉన్న పట్టికకు మాత్రం 1024 ఇవ్వండి, పై హార్మోనిక్‌కు దక్కే గడులు తక్కువవుతాయి కాబట్టి.

పొడవు 2 యొక్క ఘాతంగానే ఎందుకు ఉండాలంటే, పట్టిక చివరికి చేరాక మొదటికి తిరిగి రావడం ఒక్క బిట్ మాస్క్‌తో అయిపోతుంది. భాగహారం, పోలిక ఏదీ అవసరం ఉండదు.

మిగిలిన బడ్జెట్ ఇలా చూసుకోండి. 100 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఒక శాంపిల్ కాలంలో సుమారు 2267 గడియార చక్రాలు దొరుకుతాయి. 12 స్వరాలకు పంచితే స్వరానికి 189. అందులోనే ఎన్వలప్ (స్వరం తీవ్రత పెరిగి తగ్గే తీరు), వడపోత, కుడి ఎడమల పంపిణీ అన్నీ జరగాలి. వైబ్రాటో, ఫిల్టర్ కదలిక, పానింగ్ లాంటివి కంట్రోల్ రేటుకు దించండి, చెవికి తేడా తెలియదు. తీవ్రత ఎన్వలప్‌ను మాత్రం దించకండి. 63 శాంపిళ్ల అడుగుతో 5 మిల్లీసెకన్ల ఎత్తుగడ మూడు నాలుగు మెట్లుగా విరిగి, ప్రతి స్వరం మొదట్లో చిన్న 'టిక్' వినిపిస్తుంది. చాలామంది దీన్ని బఫర్ తెగిన శబ్దమనుకుని బఫర్లు పెంచుతూ పోతారు. తేల్చడం సులభం: ఫైలుకు రాసి వినండి. అక్కడా 'టిక్' ఉంటే అది ఎన్వలప్‌దే.

ప్రశ్న: ఇండిగోలో (ఆర్3000) నేను సీ భాషలో రాసుకున్న రివర్బ్ వింతగా ప్రవర్తిస్తోంది. శబ్దం గట్టిగా మోగుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. వాయించడం ఆపిన రెండు మూడు సెకన్లకు, నిశ్శబ్దంలో, ప్రాసెసర్ వాడకం నూటికి నూరు చేరి యంత్రం కూలబడుతోంది.

జవాబు: ఇది డీనార్మల్ అంకెల పని. మిప్స్ యంత్రాల మీద ఫీడ్‌బ్యాక్ ఉన్న (తన ఫలితాన్నే మళ్లీ లోపలికి తీసుకునే) ఏ ఫిల్టర్ రాసినా ఇది ఎదురవుతుంది.

32 బిట్ల ఫ్లోట్ అంకె మామూలు రూపంలో దాచుకోగల అతి చిన్న విలువ సుమారు 1.18 × 10⁻³⁸. అంతకంటే చిన్నవి డీనార్మల్ అనే ప్రత్యేక రూపంలోకి వెళ్తాయి. మిప్స్ ఫ్లోటింగ్ పాయింట్ చిప్ వాటిని తనంతట తాను లెక్క చేయదు. ప్రతిసారీ కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగాన్ని) పిలుస్తుంది, కెర్నెల్ ఆ ఒక్క గుణకారాన్ని సాఫ్ట్‌వేర్‌తో చేసి తిరిగి ఇస్తుంది. కొన్ని చక్రాల్లో తేలాల్సిన పనికి వందల చక్రాలు పడతాయి.

మీరు చెప్పిన 'రెండు మూడు సెకన్లు' లెక్కకు అచ్చంగా సరిపోతుంది. ప్రతి శాంపిల్‌కూ 0.999తో గుణించే ఫిల్టర్‌లో 10000 విలువ ఉందనుకోండి. అది 10⁻³⁸ దాకా కుంగడానికి సుమారు 96500 శాంపిళ్లు కావాలి, అంటే 2.2 సెకన్లు. ఆ తర్వాత సున్నా అయిపోతుందిలే అనుకుంటే పొరపాటు. డీనార్మల్ ప్రాంతంలో అంకెలు సమాన మెట్లుగా ఉంటాయి. విలువ అడుగు నుంచి 500 మెట్ల లోపు చేరాక, 0.999తో గుణిస్తే తగ్గేది అర మెట్టు కంటే తక్కువ. దగ్గరి మెట్టుకు సవరించేసరికి పాత విలువే తిరిగి వస్తుంది. అక్కడే శాశ్వతంగా ఇరుక్కుంటుంది, ప్రతి శాంపిల్‌కూ కెర్నెల్ పిలుపు ఆగదు. నాలుగు కోంబ్, రెండు ఆల్‌పాస్ ఫిల్టర్లు ఉన్న రివర్బ్‌లో ఈ పిలుపులు అన్ని ఫిల్టర్ల నుంచీ వస్తాయి.

మందు చిన్నదే. రివర్బ్‌లోకి వెళ్లే సంకేతానికి 10⁻²⁰ కలపండి. శాంపిళ్లు ±32767 కొలతలో ఉన్నప్పుడు, ఫిల్టర్ దాన్ని వెయ్యి రెట్లు చేసినా 10⁻¹⁷ దాటదు, ఎవరికీ వినబడదు, డీనార్మల్ దరిదాపులకూ పోదు. ఫిల్టర్ల దారిలో ఎక్కడైనా డీసీని (సంకేతంలోని మారని భాగాన్ని) తీసేసే దశ ఉంటే అది ఈ స్థిర విలువను కూడా తీసేస్తుంది. అలాంటిచోట ఒక్కో బ్లాక్‌కు గుర్తు మారుస్తూ, ఒకసారి కలిపి ఒకసారి తీసివేయండి.

ఆర్4000, ఆ తర్వాతి ప్రాసెసర్లలో ఇంకో దారి ఉంది. ఫ్లోటింగ్ పాయింట్ నియంత్రణ రిజిస్టర్‌లోని 'ఫ్లష్' బిట్‌ను 1 చేస్తే, డీనార్మల్ ఫలితాలను చిప్పే సున్నా చేసేస్తుంది. ఐరిక్స్‌లో ఆ రిజిస్టర్‌ను చదివి రాసే ఫంక్షన్లు సిస్ డైరెక్టరీలోని ఎఫ్‌పీయూ హెడర్‌లో ఉన్నాయి. మీ ఆర్3000లో ఆ బిట్ లేదు కాబట్టి 10⁻²⁰ కలపడమే మార్గం.

ప్రశ్న: ఇండీ మీద ఆడియో లైబ్రరీ వాడి మిడి (నొక్కిన మీటల సమాచారాన్ని పంపే పద్ధతి) కీబోర్డుతో మోగే చిన్న ప్రోగ్రాము రాశాను. మీట నొక్కిన సెకనుకు పైగా గడిచాక శబ్దం వస్తోంది. బఫర్ తగ్గించినా అంతే.

జవాబు: మీరు తగ్గించింది మీ సొంత బఫర్. ఆడియో లైబ్రరీ తెరిచే పోర్టుకు విడిగా ఒక క్యూ ఉంది. మీరు చెప్పకపోతే దాని పొడవు 100000 శాంపిళ్లు. స్టీరియోలో కుడి ఎడమ రెండూ విడిగా లెక్కకొస్తాయి కాబట్టి 50000 జతలు, 44100 దగ్గర 1.13 సెకన్లు. మీ ప్రోగ్రాము ఆ క్యూను నింపుకుంటూ పోతోంది, కొత్త స్వరం వరుస చివర నిలబడుతోంది.

పోర్టు తెరవడానికి ముందే కాన్ఫిగ్‌లో క్యూ పొడవును 2048 శాంపిళ్లకు (1024 జతలు) దించండి. పోర్టు తెరిచాక మార్చినా ప్రయోజనం లేదు. ఆ తర్వాత క్యూను నిండా నింపకండి. ఫిల్ పాయింట్‌ను (ఎంత చోటు ఖాళీ అయితే మేల్కొలపాలో చెప్పే అంకె) 1536 పెట్టి, పోర్టు ఫైల్ డిస్క్రిప్టర్ మీద సెలెక్ట్‌తో ఎదురుచూడండి. క్యూలో 512 శాంపిళ్లే మిగిలినప్పుడు మెలకువ వస్తుంది. అప్పుడు 256 శాంపిళ్లు (128 జతలు) మాత్రమే రాయండి. క్యూలో ఎప్పుడూ 768 మించదు, అంటే 384 జతలు, 8.7 మిల్లీసెకన్లు. సెలెక్ట్ బదులు ఖాళీ లూపులో తిరుగుతూ క్యూను అడిగే పద్ధతి మాత్రం వద్దు, అది మిడి డెమన్‌కు (వెనుక నడిచే మిడి ప్రోగ్రాముకు) కూడా ప్రాసెసర్ వదలదు.

మిడి వైపు ఆలస్యం చిన్నది. సెకనుకు 31250 బిట్ల వేగం, బైటుకు 10 బిట్లు, నోట్ ఆన్‌కు 3 బైట్లు, 0.96 మిల్లీసెకన్లు. ఇండీ సీరియల్ పోర్టుకు పాత మెకింటోష్ మిడి ఇంటర్‌ఫేస్ సరిపోతుంది. స్టార్ట్‌మిడి ఆదేశానికి ఆ పోర్టు పేరు ఇస్తే పని మొదలవుతుంది. అదే పోర్టు మీద లాగిన్ టెర్మినల్ నడుస్తుంటే ముందు దాన్ని ఆపాలి.

ఆలస్యం తగ్గాక మరో లోపం బయటపడవచ్చు: లయ అటూ ఇటూ ఊగడం. మిడిని బ్లాక్‌కు ఒక్కసారే చదివితే, 1024 జతల బ్లాక్‌లో ఎప్పుడు మీట నొక్కినా శబ్దం బ్లాక్ మొదట్లోనే పుడుతుంది. 23 మిల్లీసెకన్ల దాకా తేడా వస్తుంది. స్థిరమైన 10 మిల్లీసెకన్ల ఆలస్యానికి వాయించే చేయి అలవాటుపడుతుంది, ఊగే ఆలస్యానికి పడదు. 128 జతల బ్లాక్‌తో ఊగుడు 3 మిల్లీసెకన్ల లోపే ఉంటుంది. ఇంకా కచ్చితత్వం కావాలంటే మిడి సంకేతంతో వచ్చే సమయాన్ని చదివి, అన్ని స్వరాలనూ ఒకే స్థిర ఆలస్యంతో బ్లాక్ లోపలి సరైన శాంపిల్ దగ్గర మొదలుపెట్టండి.

ప్రశ్న: నెక్స్ట్ క్యూబ్‌లో మ్యూజిక్ కిట్‌తో (నెక్స్ట్ వారి సంగీత లైబ్రరీ) వాయిస్తే కొన్ని స్వరాలు ఏ హెచ్చరికా లేకుండా మాయమవుతున్నాయి. మిడి కీబోర్డు స్పందన కూడా మందంగా ఉంది.

జవాబు: క్యూబ్‌లో శబ్దాన్ని పుట్టించేది ప్రధాన ప్రాసెసర్ కాదు, పక్కనున్న ధ్వని లెక్కల ప్రత్యేక చిప్, మోటరోలా డీఎస్పీ 56001. దాని గడియారం 25 మెగాహెర్ట్జ్, ఆదేశానికి రెండు చక్రాలు, సెకనుకు 1.25 కోట్ల ఆదేశాలు. 44100 రేటులో శాంపిల్‌కు 283 ఆదేశాలు దక్కుతాయి, 22050లో 566. అందుకే రేటు సగం చేస్తే స్వరాలు సుమారు రెట్టింపు పలుకుతాయి. రెండో పరిమితి మెమరీ. డీఎస్పీకి ఉన్నది 24 బిట్ల పదాలు 8192 మాత్రమే, అందులోనే ప్రోగ్రాము, పట్టికలు, డిలేలు. ఎనిమిది రకాల తరంగాలకు 256 గడుల పట్టికలు పెడితే 2048 పదాలు పోయినట్టే. మూడు అర సెకను డిలేలు ఇందులో పట్టవని వేరే చెప్పనక్కరలేదు.

చోటు దొరకని స్వరాన్ని మ్యూజిక్ కిట్ వదిలేస్తుంది. స్కోరు ఫైలులో ప్రతి పార్ట్‌కూ సింత్‌ప్యాచ్‌తో (స్వరం పుట్టించే అమరికతో) పాటు సింత్‌ప్యాచ్ కౌంట్ కూడా ఇవ్వండి, ఆ ప్యాచ్‌లు ముందే కేటాయించి ఉంచబడతాయి. కౌంట్ల మొత్తం డీఎస్పీ మోయగలిగే దాకా ఒక్కొక్కటే తగ్గించుకుంటూ రండి. ఒకే తరంగాన్ని వాడే పార్టులకు పట్టిక కూడా ఒకటే ఉండేలా చూడండి.

స్పందన మందానికి కారణం, స్కోరు వాయించేటప్పుడు పనికొచ్చే పద్ధతినే మీరు మిడికీ వాడడం. స్కోరుకు డెల్టా సమయం ఇస్తే హోస్ట్ (ప్రధాన ప్రాసెసర్) కొంచెం ముందుగా నడిచి, డీఎస్పీకి సమయం గుర్తుతో సందేశాలు పంపుతుంది, లయ చెక్కుచెదరదు. చేతితో వాయించేదానికి ఆ ముందుచూపు ఆలస్యంగా మారుతుంది. ఆర్కెస్ట్రాకు (మ్యూజిక్ కిట్‌లో డీఎస్పీని నడిపే భాగానికి) సెట్ టైమ్డ్‌ను నో చేయండి, సెట్ ఫాస్ట్ రెస్పాన్స్‌ను ఎస్ చేయండి. రెండోది శబ్దం బయటకు వెళ్లే బఫర్లను చిన్నవి చేస్తుంది.

ఆర్కెస్ట్రా అసలు తెరుచుకోకపోతే డీఎస్పీని వేరే ప్రోగ్రాము పట్టుకుని ఉందేమో చూడండి, ఒకసారికి ఒక్కరికే అది దొరుకుతుంది.

ప్రశ్న: అదే క్యూబ్‌లో ఇర్కామ్ (పారిస్‌లోని సంగీత పరిశోధన సంస్థ) వారి సంకేత వర్క్‌స్టేషన్ బోర్డు పెట్టవచ్చా? నెక్స్ట్‌స్టేషన్‌లో పడుతుందా?

జవాబు: క్యూబ్‌లో పెట్టవచ్చు, నెక్స్ట్‌స్టేషన్‌లో కుదరదు. ఆ చదునైన పెట్టెలో నెక్స్ట్‌బస్ స్లాట్లు లేవు. ఒక్కో బోర్డు మీద 40 మెగాహెర్ట్జ్ ఇంటెల్ ఐ860 ప్రాసెసర్లు రెండు ఉంటాయి, క్యూబ్‌లో మూడు బోర్డుల దాకా పెట్టవచ్చు. మిల్లర్ పకెట్ రాసిన, పెట్టెలను గీతలతో కలిపి ప్యాచ్ తయారుచేసే మ్యాక్స్ ప్రోగ్రాములో శబ్దం లెక్కలన్నీ ఆ బోర్డు మీదే జరుగుతాయి, క్యూబ్ ప్రాసెసర్ ప్యాచ్ బొమ్మను గీయడానికే పరిమితం. అందుకే తెర మీద కిటికీలు లాగినా శబ్దం తెగదు. బోర్డు దొరకనివారు ఆయనే 1996లో విడుదల చేసిన ప్యూర్ డేటాను ఇండీ మీద నడుపుకోవచ్చు, అది మొదట ఐరిక్స్ మీద పుట్టిందే. ప్యాచ్ గీసే పద్ధతి దాదాపు ఒకటే, 64 శాంపిళ్ల బ్లాక్‌తో పనిచేస్తుంది.

ప్రశ్న: స్పార్క్‌స్టేషన్ 1లో ఏ ప్రోగ్రాము వాడినా టెలిఫోన్‌లో విన్నట్టే ఉంటోంది. డ్రైవర్ మారిస్తే సీడీ నాణ్యత వస్తుందా?

జవాబు: రాదు. 1989 నాటి ఆ యంత్రంలోని ఆడియో చిప్ (ఏఎండీ 79సీ30) టెలిఫోన్ పని కోసం చేసిందే. సెకనుకు 8000 శాంపిళ్లు, మ్యూ లా (టెలిఫోన్ల కోసం శబ్దాన్ని కుదించే) పద్ధతిలో 8 బిట్లు. 4000 హెర్ట్జ్ పైన ఏదీ పలకదు. సన్ యంత్రాల్లో 16 బిట్ల ధ్వని కావాలంటే స్పార్క్‌స్టేషన్ ఎల్ఎక్స్ గానీ, స్పీకర్‌బాక్స్ తగిలించిన స్పార్క్‌స్టేషన్ 10 గానీ చూసుకోండి.

అయినా ఆ యంత్రాన్ని మూలన పెట్టనక్కరలేదు. 20 మెగాహెర్ట్జ్‌ను 8000తో భాగిస్తే శాంపిల్‌కు 2500 చక్రాలు దొరుకుతాయి, పైన చెప్పిన ఇండీకి 44100 దగ్గర దొరికే వాటికంటే కొంచెం ఎక్కువే. పద్ధతులు నేర్చుకోవడానికి, మిడి ప్రతిస్పందన పరీక్షించడానికి చక్కగా పనికొస్తుంది. ఎఫ్‌ఎమ్ (ఒక తరంగంతో మరో తరంగం ఫ్రీక్వెన్సీని ఊపే పద్ధతి) వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. క్యారియర్ (ఊగే తరంగం) 880, మాడ్యులేటర్ (ఊపే తరంగం) 880, ఇండెక్స్ (ఊపు బలం) 5 అయితే లెక్కకొచ్చే పై అంశం సుమారు 6160 హెర్ట్జ్ దాకా పోతుంది. 8000 రేటులో అది మడతపడి 1840 దగ్గర, అపస్వరంగా వినిపిస్తుంది. ఆ స్వరానికి ఇండెక్స్‌ను 2కు దించితే పై అంశం 3520 దగ్గర ఆగుతుంది. ఇండెక్స్‌ను స్వరం ఎత్తుకు తగ్గట్టు తగ్గించే ఒక్క గుణకారం వాయిద్యంలోనే రాసుకోండి.

సోలారిస్ 2 నడిపేవారికి ప్రయోక్‌ఎన్‌టీఎల్ ఆదేశంతో ఆర్‌టీ (రియల్ టైమ్) ప్రాధాన్య తరగతి ఉంది, ఇండీ ఎన్‌ప్రై గురించి ఇచ్చిన హెచ్చరికే దీనికీ వర్తిస్తుంది. సన్‌ఓఎస్ 4లో అలాంటి తరగతి లేదు.

ప్రశ్న: సీసౌండ్‌కు ఈ అప్పటికప్పుడు వాయించే శక్తి మొదటినుంచీ ఉందా?

జవాబు: లేదు. బ్యారీ వెర్కో ఎమ్‌ఐటీలో 1980ల నడుమ సీ భాషలో రాసిన రూపం ఫైలు తయారుచేసేదే. వెర్కో, డాన్ ఎల్లిస్ కలిసి 1990లో గ్లాస్గోలో జరిగిన అంతర్జాతీయ కంప్యూటర్ సంగీత సదస్సులో అప్పటికప్పుడు వాయించే సీసౌండ్ గురించి పత్రం సమర్పించారు. ప్రత్యేక హార్డ్‌వేర్ లేకుండా మామూలు వర్క్‌స్టేషన్ ప్రాసెసరే ఆ పని చేయగల వేగానికి చేరింది అప్పుడే.

ప్రశ్న: డెక్‌స్టేషన్‌లో తయారైన 16 బిట్ల ఫైలును ఇండీలో వినిపిస్తే ఒకటే హోరు. ఫైలు పాడైందా?

జవాబు: పాడవలేదు. రెండింటిలోనూ మిప్స్ ప్రాసెసరే ఉన్నా, డెక్‌స్టేషన్ చిన్న బైటును ముందు రాస్తుంది, ఇండీ పెద్ద బైటును ముందు చదువుతుంది. 1 అనే విలువ 256గా మారుతుంది, అందుకే నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట కూడా రొద. హెడర్ లేని ఫైలైతే డీడీ ఆదేశానికి కన్వ్=స్వాబ్ ఇచ్చి బైట్లను మార్చండి. హెడర్ ఉన్న ఫైలును అలా మారిస్తే హెడర్ కూడా చెదిరిపోతుంది. ఫ్లోట్ శాంపిళ్లయితే రెండేసి బైట్లు మారిస్తే చాలదు, నాలుగింటినీ వెనుక నుంచి ముందుకు తిప్పాలి. ఇకముందు డెక్‌స్టేషన్‌లో సీసౌండ్‌కు మైనస్ పెద్ద ఏ ఇచ్చి ఏఐఎఫ్ఎఫ్ రూపంలో రాయించండి. అందులో బైట్ల వరుస ఎప్పుడూ ఒకటే, శాంపిల్ రేటు కూడా ఫైలులోనే ఉంటుంది కాబట్టి 22050లో చేసిన రచన ఒక స్థాయి (ఆక్టేవ్) పైకెక్కి పలకడం అనే బాధా ఉండదు.